గల్ఫా, జర్మనీనా, యూకేనా: నెల్లూరు, ప్రకాశం నర్సులు మొదట ఏ దారి పట్టాలి

నెల్లూరు పొగతోటలోనో ఒంగోలులోనో రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసిన అమ్మాయి బయటి దేశం మాట ఎత్తగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, "ఏ దేశంలో జీతం ఎక్కువ?" నిజానికి అది చివర అడగాల్సింది. ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. చేతిలో ఉన్నది ఏఎన్ఎమ్మా (రెండేళ్ల సహాయక నర్సు కోర్సు), జీఎన్ఎమ్మా (మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా), బీఎస్సీయా (నర్సింగ్ డిగ్రీ)? అనుభవం ఎన్ని నెలలు, ఏ వార్డులో? జీతం లేకుండా ఎన్నాళ్లు చదువుకుంటూ కూర్చోగలరు? వీటికి నిజాయితీగా జవాబులు రాసుకుంటే సగం దేశాలు వాటంతటవే పక్కకు పోతాయి.

తొందరగా తేల్చుకోవాలనుకునే వారికి మా మాట ఇది. ఇంటి మీద అప్పు ఉండి, ఐసీయూలోనో ఓటీలోనో (ఆపరేషన్ థియేటర్) రెండేళ్లు చేసి ఉంటే గల్ఫ్. వయసు 30 లోపు ఉండి, ఏడాదిపాటు భాష మీద కూర్చోగలిగితే జర్మనీ, ముఖ్యంగా జీఎన్ఎమ్ వారికి. ఇంగ్లిష్ రాయడం బాగా వస్తే ఐర్లండ్, యూకే. కానీ చేతికి ఆఫర్ వచ్చాకే డబ్బు ఖర్చు పెట్టండి. అమెరికా మొదటి అడుగు కాదు. ఆస్ట్రేలియాను రెండో మజిలీగా పెట్టుకోవడం మేలు.

సర్టిఫికెట్ ఎంత దూరం తీసుకెళ్తుంది

ఏఎన్ఎమ్ మాత్రమే ఉన్నవారిని ఏ దేశమూ రిజిస్టర్డ్ నర్సుగా తీసుకోదు. వారికి నిజంగా ఉన్న దారులు జపాన్‌లో వృద్ధుల సంరక్షణ పని, జర్మనీలో మూడేళ్ల ఔస్‌బిల్డుంగ్, అంటే వృత్తి శిక్షణ. జపాన్ పనికి 'కైగో' నైపుణ్య పరీక్షతో పాటు జపనీస్ ప్రాథమిక స్థాయి పరీక్ష పాసవ్వాలి. ఔస్‌బిల్డుంగ్‌లో చదువుకుంటూనే నెలకు వెయ్యి యూరోల పైన స్టైపెండ్ వస్తుంది, ఇంటర్ పాసైన వారూ వెళ్లొచ్చు. "యూకే కేర్ వీసా" అని ఇప్పటికీ ఎవరైనా అడ్వాన్స్ అడుగుతుంటే అక్కడే లేచి వచ్చేయండి. విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తెచ్చుకునే దారిని బ్రిటన్ 2025 జూలై 22న మూసేసింది.

జీఎన్ఎమ్‌ను తక్కువ చేసి మాట్లాడేవాళ్లు మన దగ్గరే ఎక్కువ. యూకే నర్సింగ్ కౌన్సిల్ దాన్ని ఒప్పుకుంటుంది. జర్మనీలో నర్సింగ్ అనేదే మూడేళ్ల వృత్తి శిక్షణ కాబట్టి అక్కడ జీఎన్ఎమ్‌కు చిన్నతనం లేదు. సౌదీలో మాత్రం తేడా పడుతుంది. అక్కడి హెల్త్ కమిషన్ బీఎస్సీ వారిని స్పెషలిస్టుగా, డిప్లొమా వారిని టెక్నీషియన్‌గా వర్గీకరిస్తుంది, జీతం కూడా ఆ వరుసలోనే నడుస్తుంది. ఆస్ట్రేలియా డిగ్రీ స్థాయినే కొలతగా పెట్టుకుంది కనుక జీఎన్ఎమ్ వారికి అది కష్టమైన దారి.

అలాగని జీఎన్ఎమ్ తర్వాత చేసే పోస్ట్ బేసిక్ బీఎస్సీలో చేరిపోకండి. రెగ్యులర్‌గా చదివే ఆ రెండేళ్లూ పేషెంట్ దగ్గర పని ఉండదు, దాన్ని అనుభవంగా లెక్కించరు. దుబాయ్ లాంటి చోట్ల రెండేళ్లు మించిన గ్యాప్ అడ్డు పడుతుంది. డిగ్రీ వచ్చేసరికి ఉన్న అనుభవం పాతబడుతుంది.

గల్ఫ్: త్వరగా చేతికొచ్చే దారి, కానీ గదులు వేరువేరు

గల్ఫ్ అంటే ఒకే దేశం కాదు, ఒకే లైసెన్సూ కాదు. సౌదీకి ఒక కమిషన్. దుబాయ్‌కి డీహెచ్ఏ, అబుదాబికి డీఓహెచ్, మిగతా ఎమిరేట్లకు ఆరోగ్య మంత్రిత్వ శాఖ. ఖతార్, ఒమన్, బహ్రెయిన్, కువైట్ ఎవరి దారి వారిది. వరస మాత్రం దాదాపు ఒకటే: మీ కాగితాలను అవి ఇచ్చిన చోటే అడిగి సరిచూసే మూల ధృవీకరణ, దానికి డేటాఫ్లో అనే సంస్థ, తర్వాత కంప్యూటర్ మీద బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష, దాన్నే మనవాళ్లు ప్రోమెట్రిక్ అంటారు, ఆ తర్వాత ఆసుపత్రి ఆఫర్ మీద లైసెన్స్.

దుబాయ్ లైసెన్స్ సౌదీలో పనికిరాదు. డేటాఫ్లో రిపోర్ట్‌ను మాత్రం ఒక గల్ఫ్ దేశం నుంచి ఇంకో దేశానికి బదిలీ చేయించుకోవచ్చు. అందుకే మొదటిసారి చేయించేటప్పుడే డిగ్రీ, రిజిస్ట్రేషన్, అనుభవం మూడూ పెట్టించండి. ఖర్చు తగ్గుతుందని అనుభవం వదిలేసినవాళ్లు తర్వాత విడిగా కట్టుకుంటున్నారు.

ఇంటర్వ్యూల్లో అడిగేది వార్డు. ఐసీయూ, ఎన్ఐసీయూ, ఓటీ, ఎమర్జెన్సీ, డయాలసిస్, క్యాత్ ల్యాబ్ వారికి పిలుపులు వస్తాయి. జనరల్ వార్డులో ఐదేళ్లు చేసినవారికంటే ఐసీయూలో రెండేళ్లు చేసినవారు ముందుంటారు. వంద పడకల పైనున్న ఆసుపత్రి అనుభవమే కావాలని అడిగే యజమానులు చాలామంది. కాబట్టి ఇప్పుడే పాసై ఉద్యోగం వెతుక్కునే అమ్మాయికి మా సలహా: పది పడకల నర్సింగ్ హోంలో రెండు వేలు ఎక్కువిచ్చినా, పెద్ద ఆసుపత్రి ఐసీయూలో తక్కువకే చేరండి. ఆ రెండు వేలు తర్వాత ఒక్క నెల జీతంలో తిరిగొస్తాయి.

గల్ఫ్ లాభం పన్ను లేకపోవడం, చాలాచోట్ల వసతి, రవాణా ఆసుపత్రే ఇవ్వడం. ఉద్యోగం మానేసేటప్పుడు గ్రాట్యుటీ వస్తుంది: యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, సౌదీలో ఏడాదికి అర నెల జీతం. ఇక్కడే ఒక మెలిక. యూఏఈలో లెక్క బేసిక్ మీద. మొత్తం జీతం బాగా చూపించి బేసిక్ తక్కువ పెట్టిన కాంట్రాక్టులో గ్రాట్యుటీ కరిగిపోతుంది. ఆఫర్ లెటర్‌లో మొదట చూడాల్సిన అంకె బేసిక్. నష్టం ఏమంటే, ఎన్నేళ్లు చేసినా మామూలు నర్సుకు అక్కడ శాశ్వత నివాసం ఉండదు. నాలుగైదేళ్ల తర్వాత ఏంటి అన్నది ఇక్కడి నుంచే అనుకుని వెళ్లాలి.

జర్మనీ: ఏడాది భాష, ఆ తర్వాత అసలు పని

జర్మనీకి పూర్తి గుర్తింపు రావాలంటే భాష బీ2 స్థాయి కావాలి, అంటే ఏ1 నుంచి సీ2 దాకా ఉన్న ఆరు మెట్లలో నాలుగోది. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే సంస్థ లెక్క ప్రకారం సున్నా నుంచి బీ2కి 45 నిమిషాల క్లాసులు 600 నుంచి 800 వరకు పడతాయి. రోజుకు నాలుగు గంటలు, వారానికి ఐదు రోజులు కూర్చుంటే క్లాసులకే ఐదు నుంచి ఏడు నెలలు. ఇంటి దగ్గర చదువు, పరీక్ష తేదీల కోసం ఎదురుచూపు, ఒకసారి తప్పడం కలిపితే పది నుంచి పద్నాలుగు నెలలు. "ఆరు నెలల్లో బీ2" అని బోర్డు పెట్టిన సెంటర్లో డబ్బు కట్టేముందు, గత బ్యాచ్‌లో బీ2 సర్టిఫికెట్ చేతికొచ్చినవాళ్లెందరో అడగండి. బీ1 వచ్చినవాళ్ల లెక్క చెబితే అది జవాబు కాదు.

నైట్ డ్యూటీలు చేస్తూ బీ1 దాకా లాక్కురావచ్చు. బీ2 దగ్గర చాలామంది ఆగిపోతారు. గోథే బీ2లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగు విడి భాగాలు. ఒక్కోదాంట్లో వందకు 60 రావాలి. మనవాళ్లకు సాధారణంగా దెబ్బ తగిలేది వినడంలో. ఆ భాగాన్ని విడిగా మళ్లీ రాసుకోవచ్చు, మొత్తం పరీక్ష మళ్లీ కట్టక్కర్లేదు. నెల్లూరు వారికి చెన్నై గోథే, ఒంగోలు వారికి హైదరాబాద్ గోథే కేంద్రం అందుబాటులో ఉంటాయి. తేదీలు త్వరగా నిండిపోతాయి కాబట్టి క్లాసు సగంలో ఉండగానే చూసుకోవాలి.

జర్మనీలో 16 రాష్ట్రాలు, గుర్తింపు ఇచ్చే కార్యాలయాలు ఆయా రాష్ట్రాలవే. వాళ్లు మీ సిలబస్‌ను వాళ్ల సిలబస్‌తో గంటల లెక్కన పోల్చి, ఎక్కడ తక్కువైందో చెబుతూ ఒక ఉత్తరం ఇస్తారు. దాని పేరు డెఫిజిట్‌బెషైడ్. ఆ లోటు తీర్చడానికి రెండు దారులు: ఆసుపత్రిలో కొన్ని నెలల అనుసరణ శిక్షణ, లేదా కెంట్‌నిస్‌ప్రూఫుంగ్ అనే నోటి, ప్రాక్టికల్ పరీక్ష. ఇది పూర్తయ్యేదాకా మీరు సహాయకురాలే, జీతం తక్కువే. పూర్తయ్యాక ప్రభుత్వ వేతన ఒప్పందం ప్రకారం గ్రాస్ నెలకు 3,000 యూరోలు దాటుతుంది. ఒంటరిగా ఉన్నవారికి పన్ను, బీమాలు కలిసి అందులో మూడో వంతు దాకా పోతాయి. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పేది ఎప్పుడూ గ్రాస్ అంకే.

గంటల లెక్క కోసం మీ నర్సింగ్ స్కూల్ నుంచి సబ్జెక్టు వారీగా థియరీ గంటలు, క్లినికల్ గంటలు రాసిన ట్రాన్‌స్క్రిప్ట్ కావాలి. మార్కుల మెమోలో ఈ గంటలు ఉండవు. మన రెండు జిల్లాల్లోనూ మూతపడిన జీఎన్ఎమ్ స్కూళ్లు ఉన్నాయి, స్కూలు మూసేశాక ఈ కాగితం సంపాదించడం నెలల పని. ఇప్పుడు చదువుతున్నవారు సర్టిఫికెట్లతో పాటే ట్రాన్‌స్క్రిప్ట్ రెండు ఒరిజినల్స్ అడిగి తీసుకోండి. ఇంకోటి: భారత్ ఇచ్చే అపోస్టిల్ (కాగితాలు విదేశాల్లో చెల్లేందుకు వేసే ముద్ర) మీద జర్మనీ ఎప్పుడో అభ్యంతరం పెట్టింది. కాబట్టి ఆ రాష్ట్ర కార్యాలయం అడగకుండానే అపోస్టిల్‌కు వేలు తగలేయకండి.

పని గురించి కూడా ముందే తెలియాలి. మన ఆసుపత్రిలో ఆయమ్మ చేసే పని, అంటే పేషెంట్‌కు స్నానం చేయించడం, డయాపర్ మార్చడం, తినిపించడం, జర్మనీలో క్వాలిఫైడ్ నర్సు పనే. ఐవీ లైన్ పెట్టడం లాంటివి చాలా చోట్ల డాక్టర్ చేస్తారు. ఐసీయూలో ఐదేళ్లు చేసి వెళ్లినవారికి మొదటి మూడు నెలలు ఇదే పెద్ద దెబ్బ, చలి కాదు.

అయినా కుటుంబంతో స్థిరపడాలనుకునే జీఎన్ఎమ్ అమ్మాయికి దీన్నే ముందు చెబుతాం. గుర్తింపు వచ్చిన నిపుణులకు మూడేళ్లకే శాశ్వత నివాసం అడిగే అవకాశం ఉంది. భాషా శిక్షణ ఖర్చు యజమానే భరించే నియామకాలు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు కాంట్రాక్టులో మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి, అది నెలనెలా తగ్గుతుందా లేదా అన్న వాక్యం చూడండి. ఏజెన్సీకి జర్మన్ ప్రభుత్వం ఇచ్చే 'న్యాయమైన నియామకం' ముద్ర ఉందేమో కూడా అడగండి.

యూకే, ఐర్లండ్

యూకేలో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్ఎంసీ రిజిస్ట్రేషన్‌కు రెండు పరీక్షలు. సీబీటీ ఇక్కడే కంప్యూటర్ మీద రాస్తారు: లెక్కల భాగం 15 ప్రశ్నలు, క్లినికల్ భాగం 100 ప్రశ్నలు. చేసి చూపించే పరీక్ష ఓఎస్సీఈ మాత్రం అక్కడికి వెళ్లాకే, పది స్టేషన్లు. ఇంగ్లిష్‌కు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో వినడం, చదవడం, మాట్లాడడం 7, రాయడం 6.5, ఓఈటీ అయితే మూడింట్లో బీ, రాయడంలో సీ ప్లస్. పన్నెండు నెలల్లో రాసిన రెండు ప్రయత్నాల మార్కులు కలుపుకోవచ్చు. ఫీజులు: దరఖాస్తు 140 పౌండ్లు, సీబీటీ 83, ఓఎస్సీఈ 794, రిజిస్ట్రేషన్ 153. ఓఎస్సీఈ ఖర్చు సాధారణంగా ఆసుపత్రి ట్రస్టే పెట్టుకుంటుంది. అభ్యర్థి నుంచి నియామకపు ఫీజు తీసుకోవడాన్ని అక్కడి నియమావళి ఒప్పుకోదు.

ఓఎస్సీఈలో తప్పేది తెలియక కాదు, అలవాటు వల్ల. మందు ఇచ్చే స్టేషన్ తీసుకోండి. చేతులు శుభ్రం చేసుకోవాలి, పేరు, పుట్టిన తేదీ పేషెంట్ నోటితోనే చెప్పించి చేతి బ్యాండ్‌తో సరిచూడాలి, అలర్జీ ఉందా అని అడగాలి, చార్టులో అంతకుముందు డోసు ఎప్పుడిచ్చారో చూడాలి, అప్పుడు ఇవ్వాలి, వెంటనే సంతకం చేయాలి. ఇవ్వకూడని మందు ఉంటే ఆపి, ఆపిన కారణం రాయాలి. మన దగ్గర 14వ నంబర్ బెడ్ అని పిలిచి ఇచ్చేసే అలవాటు ఉన్నవారు అలర్జీ అడగడం మరిచిపోతారు, స్టేషన్ అక్కడే పోతుంది. ఇక్కడ డ్యూటీలోనే ఆరు నెలలు ఈ వరస పాటిస్తే కోచింగ్ అక్కర్లేదు.

ఇంతా చెప్పి, యూకేను ఇప్పుడు మొదటి దారిగా ఎందుకు చెప్పట్లేదంటే, విదేశీ నర్సుల నియామకం అక్కడ బాగా తగ్గింది. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్‌లో కొత్త నర్సు బ్యాండ్ 5 జీతం 2025-26లో ఏడాదికి 31,049 పౌండ్లు. బాగానే ఉంటుంది, ఖాళీ దొరికితే. శాశ్వత నివాసానికి ఐదేళ్ల గడువును పదేళ్లు చేస్తామని 2025 మే నాటి శ్వేతపత్రం ప్రతిపాదించింది. ఆఫర్ రాకముందే సీబీటీ, దరఖాస్తు ఫీజులు కట్టేసి కూర్చున్నవారి ఐఈఎల్‌టీఎస్ గడువు రెండేళ్లకు తీరిపోతోంది.

ఐర్లండ్‌కు అదే ఇంగ్లిష్ దాదాపు సరిపోతుంది. అక్కడి నర్సింగ్ బోర్డు ఎన్ఎంబీఐకి 350 యూరోలు కట్టి కాగితాలు పంపితే డెసిషన్ లెటర్ వస్తుంది. తర్వాత ఆసుపత్రిలో ఆరు వారాలకు తక్కువ కాని అడాప్టేషన్, లేదా డబ్లిన్‌లో ఆప్టిట్యూడ్ పరీక్ష. చిన్న దేశం, ఖాళీలు తక్కువ, ఇళ్ల అద్దెలు ఘోరం. కానీ రెండేళ్లకు దగ్గర్లోనే ఉద్యోగ పర్మిట్ బంధం లేని స్టాంప్ 4కి వెళ్లొచ్చు. యూకే, ఐర్లండ్ రెండూ ఒకేసారి చేతిలో ఉంటే ఐర్లండ్ తీసుకోమంటాం.

అమెరికా, ఆస్ట్రేలియా: రెండు మాటల్లో

అమెరికా నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్‌ను చెన్నైలో, హైదరాబాద్‌లో రాయొచ్చు. 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు. ఫీజు 200 డాలర్లు, విదేశంలో రాస్తున్నందుకు ఇంకో 150. పాసవడం సాధ్యమే. కానీ భారత్‌లో పుట్టినవారికి నర్సుల ఇమ్మిగ్రెంట్ వీసా వరస పదేళ్లు పైబడి వెనక ఉంది. ఈ రోజు దరఖాస్తు పెడితే పిల్లలు హైస్కూల్ దాటుతారు. కాబట్టి "ఎన్‌క్లెక్స్ పాసైతే రెండేళ్లలో అమెరికా" అన్న మాట నమ్మొద్దు.

ఆస్ట్రేలియా కూడా తన పరీక్షల్లో ఎన్‌క్లెక్స్‌నే వాడుతుంది, తర్వాత అక్కడికి వెళ్లి ఓఎస్సీఈ. అయితే యూకే, ఐర్లండ్ లాంటి దేశాల్లో రిజిస్టర్ అయి 2017 తర్వాత 1,800 గంటలు పనిచేసిన నర్సులకు 2025 ఏప్రిల్ నుంచి దగ్గరి దారి తెరిచింది. ఏడాది ఫుల్ టైమ్ పనికే ఆ గంటలు దాదాపు నిండుతాయి. గల్ఫ్ పదేళ్లు ఈ లెక్కలోకి రావు. మొదటి దేశం ఎంచుకునేటప్పుడు ఇలాంటి లెక్కే చూడాలి: గల్ఫ్ లైసెన్స్ గల్ఫ్‌లోనే ఉండిపోతుంది, డబ్లిన్ రిజిస్ట్రేషన్ ఇంకో సముద్రం దాటిస్తుంది.

కాగితాలు: ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే

ముందు పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, జీఎన్ఎమ్ సర్టిఫికెట్‌లో పూర్తి ఇంటిపేరు వెనక్కి, కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ముందుకి, పెళ్లయ్యాక తీసిన పాస్‌పోర్ట్‌లో భర్త ఇంటిపేరు. నలుగురు మనుషులనుకుంటుంది అవతలి కంప్యూటర్. టెన్త్ మెమోలో ఉన్న పేరునే విప్పి, పాస్‌పోర్ట్ అదే అక్షరాలతో తీసుకోండి. పెళ్లయినా ఇంటిపేరు మార్చక్కర్లేదు. ఇప్పటికే తేడా ఉంటే కౌన్సిల్లో సరిచేయించడం మొదలుపెట్టి, అఫిడవిట్‌ను తోడుగా మాత్రమే పెట్టుకోండి.

తర్వాత రిజిస్ట్రేషన్. మన జిల్లాల నుంచి బెంగళూరులో చదివి వచ్చినవారు చాలామంది కర్ణాటక కౌన్సిల్ నంబర్‌తోనే నెల్లూరులో పని చేస్తుంటారు. ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్లో నమోదు లేకుండా ఇక్కడ చేసిన అనుభవాన్ని విదేశీ నియంత్రణ సంస్థ ప్రశ్నించవచ్చు. రిజిస్ట్రేషన్ తేదీకి ముందు చేసిన నెలలనూ లెక్కలోకి తీసుకోరు. పాసయ్యాక కౌన్సిల్‌కు వెళ్లకుండా ఎనిమిది నెలలు గడిపితే ఆ ఎనిమిదీ పోయినట్టే. మీ మీద ఫిర్యాదులు లేవని కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది, చాలాచోట్ల ఆరు నెలలే. దాన్ని ముందు కాదు, చివర తీసుకోవాలి.

అనుభవ పత్రం ఇలా ఉండాలి: ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, హోదా స్టాఫ్ నర్సు, వార్డు పేరు, వార్డు పడకలు, ఆసుపత్రి మొత్తం పడకలు, చేరిన తేదీ, మానేసిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, సంతకం చేసినవారి పేరు, హోదా, పనిచేసే ఫోన్ నంబర్, ఆసుపత్రి సొంత మెయిల్. "మా దగ్గర బాగా పనిచేసింది" అన్న పొగడ్త ఎవరికీ అక్కర్లేదు. డేటాఫ్లో వారు ఆ ఆసుపత్రికి మెయిల్ పంపుతారు. జవాబు రాకపోతే ధృవీకరించలేకపోయామని వస్తుంది. కాబట్టి మానేసేటప్పుడే హెచ్ఆర్ వారికి చెప్పి ఉంచండి, మంచిగా మానేయండి. జీతం చేతికి కాకుండా బ్యాంకులో పడేలా చూసుకోండి, తేదీల మీద అనుమానం వస్తే స్టేట్‌మెంటే సాక్ష్యం. లేని ఆరు నెలలు కలిపి రాయించుకోవడం అన్నిటికంటే ప్రమాదం. నెగెటివ్ రిపోర్ట్ రికార్డులో ఉండిపోతుంది, ఒక దేశంతో ఆగదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టే ఆసుపత్రులకు జిరాక్సులే ఇవ్వండి.

అటెస్టేషన్ దేశాన్ని బట్టి మారుతుంది. సౌదీ 2022 డిసెంబర్ నుంచి అపోస్టిల్ ఒప్పుకుంటోంది, ఒమన్, బహ్రెయిన్ కూడా. యూఏఈ, ఖతార్, కువైట్‌కు మాత్రం రాష్ట్ర విద్యాశాఖ, విదేశాంగ శాఖ, ఆ దేశ ఎంబసీ, మూడు ముద్రలూ పడాలి. దేశం తేలకముందే అన్నిటికీ ఎంబసీ ముద్ర వేయించి ఉంచుకోవడం దండగ.

ఏజెంట్ దగ్గరికి వెళ్లేముందు

గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు నర్సుగా వెళ్లాలంటే, మీ పాస్‌పోర్ట్ ఏ రకమైనదైనా సరే, కేంద్ర ప్రభుత్వ వలస పోర్టల్ ఇ-మైగ్రేట్‌లో క్లియరెన్స్ తప్పనిసరి. 2015 నుంచి ఇదే నిబంధన. విజయవాడలోని ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ప్రకటనలు ముందు చూడండి. ప్రైవేటు ఏజెంట్ అయితే లైసెన్స్ నంబర్ అడిగి ఇ-మైగ్రేట్ సైట్‌లో మీరే సరిచూడండి. చట్టం ప్రకారం అతను తీసుకోగలిగేది 30,000 రూపాయలు, జీఎస్టీ కలిపితే 35,400. అది కూడా బ్యాంకు ద్వారా, రసీదుతో. "విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం" అన్న ఏజెంట్‌కు మీ పాస్‌పోర్ట్ ఇవ్వొద్దు. చెన్నై విమానాశ్రయంలోనే దింపేయొచ్చు. దాటివెళ్లినా లైసెన్స్ లేకుండా వార్డులో నిలబెడితే ఆసుపత్రికి జరిమానా పడుతుంది, మీకు డిపోర్టేషన్.

అడ్వాన్స్ ఇచ్చేముందు ఆఫర్ లెటర్‌లో ఇవి ఉన్నాయా చూడండి: ఆసుపత్రి పూర్తి పేరు, ఊరు, హోదా, బేసిక్, వారానికి గంటలు, వసతి ఎవరిది, టికెట్ ఎవరిది, మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం. చివరిది అంకెల్లో లేకపోతే అంకెల్లో రాయించండి.